సవరణ: పెంకు చెప్పేది పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ కాదు

ఫొరామినిఫెరా అనే సూక్ష్మ సముద్రజీవుల పెంకుల్లోని బోరాన్‌ని బట్టి పాతకాలపు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతో తెలుస్తుందని మొన్న రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది నిజంగా సిగ్గుపడాల్సిందే. బోరాన్‌లో తేలికైన బోరాన్-10, బరువైన బోరాన్-11 అని రెండు రకాల పరమాణువులుంటాయి. పెంకులో బరువైన బోరాన్-11 పెరిగితే కార్బన్ డయాక్సైడ్ పెరిగినట్టని రాశాను. వాస్తవం తలకిందులు.

సముద్రజలంలో బోరాన్ బోరిక్ ఆమ్లంగానూ, బోరేట్ అయాన్‌గానూ ఉంటుంది. బోరాన్-11 ఆమ్లం వైపే మొగ్గుతుంది. బోరాన్-11 నిష్పత్తిలో రెండింటికీ తేడా వెయ్యికి సుమారు 27 వంతులు. పెంకులోకి చేరేది ప్రధానంగా బోరేట్. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీటి పీహెచ్ (ఆమ్లత్వానికి కొలత; ఆమ్లత్వం పెరిగితే ఇది తగ్గుతుంది) పడిపోతే బోరేట్ తగ్గుతుంది, మిగిలిన కాస్తా బోరాన్-11 వాటా తగ్గి తేలికపడుతుంది. అంటే తేలికైన బోరాన్ ఉన్న పెంకే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌కి గుర్తు.

రెండోది, నేరుగా లెక్క వచ్చేస్తుందన్నట్టు రాయడం. పెంకు ఇచ్చేది పీహెచ్ వరకే. అక్కణ్ణుంచి కార్బన్ డయాక్సైడ్ లెక్కకి వెళ్లాలంటే ఉష్ణోగ్రతతో పాటు ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి సామర్థ్యం) లాంటి మరో కొలత కావాలి. గత 8 లక్షల ఏళ్లకైతే మంచులో చిక్కిన గాలిబుడగలతో సరిచూసుకోవచ్చు. కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్తే సముద్రపు బోరాన్ నిష్పత్తే వేరు, దాన్నీ అంచనా వేసుకోవాల్సిందే. మొన్నటి నా గ్రాఫులో కార్బన్ డయాక్సైడ్‌కి ఒక్క సన్నగీతే గీశాను. దాని చుట్టూ అనిశ్చితిని చూపే వెడల్పాటి పట్టీ ఉన్నట్టు చదువుకోండి.