పరీక్షించకుండానే మార్చేయమంటారెందుకు?

విజయనగరంలో పాత కారును మరమ్మతుకు తీసుకెళ్లిన ప్రతిసారీ నన్ను బాధించేది ఖర్చు కాదు, లోపమేమిటో చూడకముందే ఏ భాగం మార్చాలో చెప్పేసే మెకానిక్‌ల అలవాటు. ఉదయం బండి స్టార్ట్ కాలేదంటే చాలు, కొత్త బ్యాటరీ వేయించమంటారు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఉంచాక వోల్టేజి కొలిచే మల్టీమీటరు పెడితే, నిండుగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆ అంకె సుమారు 14కు చేరకపోతే ముందుగా అనుమానించవలసింది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరునో, దాని బెల్టునో, మన తీరపు ఉప్పుగాలికి తుప్పుపట్టిన, బ్యాటరీని బండి బాడీకి కలిపే ఎర్త్ వైరునో గాని బ్యాటరీని కాదు. కాసేపట్లో అయిపోయే ఈ పరీక్ష చేయమంటే విసుక్కుంటారు.

ఇంజిన్ వేడెక్కే విషయంలో జరిగేది మరీ అన్యాయం. సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తోందని చెబితే, రేడియేటరులో బోరు నీళ్లు పోసి పంపేస్తారు. ఆ నీటిలోని లవణాలు లోపల పొరలుగా పేరుకుని సన్నని గొట్టాలను మూసేస్తాయని, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంటును డిస్టిల్డ్ వాటరుతోనే కలపాలని ఈ వృత్తిలో ఉన్నవారికి తెలియదా? ఇంజిన్ వేడెక్కగానే కూలెంటును రేడియేటరుకు వదిలే థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, ఫ్యాను తిరుగుతోందా, రేడియేటరు మూత ఒత్తిడిని నిలుపుతోందా అని చూసేవారే కరువయ్యారు. అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆ బండి తప్ప వేరే ఆధారం లేని ఇళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి.

మార్చిన పాత భాగాన్ని మా చేతికిచ్చి, అది ఎందుకు పాడైందో చెప్పండి. చెప్పలేనప్పుడు దానికి డబ్బు అడగకండి.