పదిహేను వేల కీబోర్డు దండగేనా? ఆ ఫార్వర్డులో సగమే నిజం

బెంగళూరులో మన తెలుగు ఐటీ వాళ్ల గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. మెకానికల్ కీబోర్డంటే, అంటే ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్ ఉండేదంటే, చప్పుడు కోసం పదిహేను వేలు తగలెయ్యడమేనట, స్పీడు పెరగదట, చేతి నొప్పి తగ్గదట, ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఐదొందలకి దొరికే మామూలు కీబోర్డు కూడా అదే పని చేస్తుందట.

చప్పుడు మాట తప్పు. టకటకమని క్లిక్ కొట్టేది బ్లూ రకం స్విచ్, రెడ్ రకంలో ఆ క్లిక్ ఉండదు, లోపల రబ్బరు ముక్కలు పెట్టిన సైలెంట్ స్విచ్‌లు కూడా ఉన్నాయి.

స్పీడు మాత్రం నిజమే, కీబోర్డు మార్చినంత మాత్రాన పెరగదు. నొప్పి విషయంలోనూ వాళ్లన్నది చాలావరకు కరెక్టే. పైగా ఇవి మందంగా ఉంటాయి కాబట్టి టేబుల్ ఎత్తు సరిగ్గా లేకపోతే మణికట్టు ఇంకా పైకి వంగుతుంది, అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

కానీ "అదే పని చేస్తుంది" అన్నదగ్గర నేను అస్సలు ఒప్పుకోను. చౌక కీబోర్డులో అన్ని కీల కింద ఉండేది ప్లాస్టిక్ షీట్ల మీద గీసిన సర్క్యూట్, టీ ఒలికి ఒక గీత పోయిందంటే కొన్ని కీలు ఒకేసారి పనిచెయ్యడం మానేస్తాయి, బాగుచేసేవాడు ఉండడు, మొత్తం చెత్తలోకే. నా మెకానికల్ కీబోర్డులో ఎన్ కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. కీ మీది అక్షరం టోపీ, అదే కీక్యాప్, పీకి, స్విచ్ లాగే పుల్లర్ అనే పనిముట్టు కొక్కేలు స్విచ్‌కి పైనా కిందా పట్టించి లాగితే ఊడొచ్చేసింది, కొత్తదాని రెండు పిన్నులు వంకరపోకుండా నిటారుగా నొక్కితే టక్కున కూర్చుంది. సోల్డరింగ్ లేదు, ఖర్చు ఒక్క స్విచ్ ధరే. స్విచ్‌లు చేసే చెర్రీ కంపెనీ తన ఎంఎక్స్ రెడ్ స్విచ్‌కి 10 కోట్ల నొక్కులు చెప్తుంది, అయినా ఎప్పుడో ఒకటి పోతుంది కదా, అది పోయినప్పుడు మిగతా కీబోర్డంతా మన దగ్గరే ఉండటం నాకు చాలా ముఖ్యం.

అలాగని దీనికి పదిహేను వేలే పెట్టాలని కాదు! స్విచ్ ఊడదీసే వీలు, అదే హాట్‌స్వాప్, మూడు నాలుగు వేల వాటిలోనూ వస్తోంది. ఆ పైన పెట్టేది అల్యూమినియం బాడీకి, జిడ్డు మెరుపు త్వరగా రాని పీబీటీ అనే ప్లాస్టిక్ కీక్యాప్‌లకి, చేతికి తగిలే సుఖానికి, రోజంతా కోడ్ కొట్టేవాళ్లకి అది కావాలనిపిస్తే తప్పేం లేదు. అయితే ఖరీదైనవన్నీ హాట్‌స్వాప్ అనుకోవద్దు, హ్యాపీ హ్యాకింగ్ అనే ఖరీదైన బ్రాండులో ప్రొఫెషనల్ కీబోర్డుల లోపల ఉండేవి టోప్రే కంపెనీ వాళ్ల రబ్బరు కప్పులే, కొన్నిట్లో స్విచ్‌లు సోల్డర్ చేసేసి ఉంటాయి. డబ్బు కట్టేముందు హాట్‌స్వాపా కాదా అన్న ఈ ఒక్కటీ కనుక్కోండి, ఆఫీసుకైతే బ్లూ జోలికి పోకండి, పక్క సీటువాళ్లు కాల్స్‌లో ఉంటారు.