ఫ్రెంచ్ క్రియలు నేర్పేటప్పుడు మధ్యలోకి ఇంగ్లీషును లాగకండి

ఫ్రెంచ్ నేర్చుకునే మనవాళ్ళు చాలామంది ఒకేచోట ఇరుక్కుంటారు. క్రియ పక్కన ఇంకో క్రియ వస్తే మధ్యలో 'ఆ' (à) అనే చిన్నమాట పెట్టాలా, 'ద' (de) పెట్టాలా, ఏమీ అక్కర్లేదా? నాకు క్లాసులో మూడు వరసల జాబితా ఇచ్చి బట్టీ పట్టమన్నారు. పట్టాను. మార్కులొచ్చాయి గానీ నోరు తిరగలేదు.

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో దిగిన కొత్తలో ఇంటి ఓనరావిడ ఫోన్ చేసి తిన్నావా అని అడిగింది. ఇప్పుడే తిన్నానని చెప్పబోయి "జ వ్యాఁ మాఁజే" అన్నాను. కిందికి వెళ్ళేసరికి నాకూ కంచం పెట్టి ఉంది. నేనన్నదానికి అర్థం 'తినడానికి వస్తున్నా' అని. "వ్యాఁ ద మాఁజే" అనుంటేనే ఇప్పుడే తిన్నట్టు. ఆ ఒక్క 'ద' విలువ నాకు ఆ రాత్రి తెలిసింది.

ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం వల్లే ఈ తిప్పలు. అక్కడ చాలావాటికి ఒక్క 'టు'తో పనైపోతుంది కాబట్టి ఫ్రెంచ్ మనల్ని సతాయిస్తోందనిపిస్తుంది. మరి తెలుగు? రావడం మొదలుపెట్టాడు, రావాలని నిర్ణయించుకున్నాడు, రావడానికి ఒప్పుకున్నాడు, రాగలడు. 'రావాలని మొదలుపెట్టాడు' అంటే చిన్నపిల్లలకు కూడా చెవిలో కలుక్కుమంటుంది. వాళ్ళకు ఏ జాబితా ఇచ్చాం? ఫ్రెంచ్‌లోనూ ఇంతే. 'కొమాఁసే' (మొదలుపెట్టడం)కు 'ఆ', 'దెసిదే' (నిర్ణయించుకోవడం)కు 'ద', 'వుల్వార్' (కోరుకోవడం)కు ఏమీ వద్దు.

'ఆ' అంటే ముందుకు, 'ద' అంటే వెనక్కి అని ఒక చిట్కా చెబుతుంటారు. దయచేసి నమ్మకండి. ప్రయత్నించడం, మాటివ్వడం ముందుకు చూసే పనులే కదా, 'ఎసేయే', 'ప్రొమెత్ర్' రెండూ 'ద'నే తీసుకుంటాయి. 'ఒబ్లిజే' అయితే ఇంకా చిత్రం. ఒకరిని వెళ్ళమని బలవంతం చేస్తే 'ఆ', నేను వెళ్ళక తప్పదు అంటే 'ద'. 'ఫినీర్ ద' అంటే పని ముగించడం, 'ఫినీర్ పార్' అంటే చివరికి ఆ పనే చేయడం. వీటిని వాక్యంలో వినాలి, పదిసార్లు అనాలి. వేరే దారి నాకు కనపడలేదు.

మా చెల్లి ఇప్పుడు డెల్ఫ్ బి1 అనే ఫ్రెంచ్ పరీక్షకు చదువుతోంది. జాబితాలు పక్కన పెట్టించాను. రోజూ తన రోజు గురించి మూడు వాక్యాలు వాయిస్ మెసేజ్ పెడుతుంది, అంతే. నిన్న బస్సు ఎంతకీ రాకపోతే నడిచే ఇంటికొచ్చిందట. "జే ఫినీ పార్ రాఁత్రే ఆ ప్యే" అంది. ఎక్కడా ఆగలేదు.