పుస్తకాలు ఫేజ్-2లో వస్తాయి

మన దగ్గర గ్రంథాలయ భవనానికి డిజైన్ ఇవ్వమంటే వచ్చే ఐడియా ఒక్కటే: తెరిచిన పుస్తకం. ఎల్‌కేజీ పిల్లాడి చేతికి క్రేయాన్లిచ్చి "లైబ్రరీ బొమ్మ గియ్యరా" అన్నా అదే గీస్తాడు. కాకపోతే వాడు కన్సల్టెన్సీ ఫీజు అడగడు.

హైదరాబాద్‌లో జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఆఫీసు అచ్చం చేప ఆకారంలో ఉంటుంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తూ చూసి నవ్వుకోని వాళ్లుండరు. అయినా దానితో ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే అందులో చేపలు బతకక్కర్లేదు. ఫైళ్లు బతుకుతాయి, అవి ఎక్కడైనా బతుకుతాయి. లైబ్రరీ సంగతి అలా కాదు. అందులో పుస్తకాలు బతకాలి, వాటి పక్కన మనుషులు కూర్చోవాలి.

మొన్న మా జిల్లా కేంద్రంలో కొత్త గ్రంథాలయానికి కాన్సెప్ట్ ప్రజెంటేషన్ పెట్టారు. పాఠకులను కూడా పిలిచారు, వెనక వరసలో కుర్చీలు మిగిలాయి కాబట్టి. లైట్లు ఆర్పారు. వేణుగానం మొదలైంది. తెర మీద డ్రోన్ ఒకటి మబ్బుల్లోంచి దిగుతూ వచ్చింది, కింద పచ్చిక మధ్య మహా గ్రంథం ఒకటి తెరుచుకుని కనబడింది. చప్పట్లు. భవనం పుస్తకంలా ఉందన్న సంగతి పైనుంచి చూస్తేనే తెలుస్తుందట. అంటే ఆ కాన్సెప్టు కాకులకూ గద్దలకూ పూర్తిగా అర్థమవుతుంది. ఆటో దిగి వచ్చే వాడికి మాత్రం వంకరగా ఉన్న గోడ కనిపిస్తుంది.

డ్రోన్ లోపలికి వెళ్లింది. గాజు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. లోపల ఫౌంటెన్, సరస్వతీదేవి, ఎస్కలేటర్, సెల్ఫీ పాయింట్. కోట్లు వేసుకున్న తెల్లదొరలు కాఫీ కప్పులతో తిరుగుతున్నారు. ఒక పాప బెలూన్ పట్టుకుని ఎటో పరిగెడుతోంది. మా ఊళ్లో మే నెలలో కోటు వేసుకున్న మనిషిని చూస్తే ముందు నూట ఎనిమిదికి ఫోన్ చేస్తాం, అది వేరే సంగతి. వీడియో అంతా కళ్లు చిట్లించి వెతికినా పుస్తకం మాత్రం కనబడలేదు.

లైట్లు వెలిగాక రిటైరైన తెలుగు మాస్టారొకరు లేచి, "బాబూ, ఇంతకీ పుస్తకాలెక్కడ పెడతారు?" అని అడిగారు.

ఆర్కిటెక్టు గారు ఓపిగ్గా వివరించారు. మొదట కుడి పేజీ చివర, మూడో అంతస్తులో పెడదామనుకున్నారట. ఆ పేజీ చివర స్తంభాలు లేకుండా గాల్లో వేలాడుతుంది, కాన్సెప్టుకి ప్రాణం అదే. ఇంజినీరు ఒప్పుకోలేదు. ఇంటి గదికి చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్క వేసుకుంటే చాలు, పుస్తకాల స్టాక్ గదికి 600 కిలోలకు తగ్గకూడదు. కాబట్టి తేలిందేమంటే, ఈ పుస్తకం పుస్తకాలను మోయలేదు. అందుకని వాటిని ఫేజ్-2లోకి మార్చారు. "ఫేజ్-2కి నిధులు రావాల్సి ఉంది సార్."

మాస్టారు కూర్చోలేదు. "మరి వానొస్తే?" అన్నారు. ఆ ప్రశ్నకి నేను ఇప్పటికీ ఆయనకి దండం పెడుతున్నాను. తెరిచిన పుస్తకాన్ని కప్పుగా వేస్తే ఏమవుతుంది? అటు పేజీ మీద పడ్డ నీళ్లు, ఇటు పేజీ మీద పడ్డ నీళ్లు జారి వచ్చి మధ్యలో వెన్ను దగ్గర చేరతాయి. ఇల్లు కట్టే మేస్త్రీ ఎవరైనా నీళ్లు బయటికి పోయేలా వాలు పెడతాడు, వీళ్లు పొదుపుగా లోపలికే తెచ్చుకున్నారు. ఆ వెన్ను కింద ఏముంది? రిఫరెన్స్ విభాగం. ఆగస్టు నెల తిరిగేసరికి నిఘంటువులు పిండుకోవాలి.

అప్పుడు చైర్మన్ గారి పక్కనున్న వాస్తు సిద్ధాంతి గారు గొంతు సవరించుకున్నారు. కుడి పేజీ ఈశాన్యంలో పైకి లేస్తోంది, అది దోషం. ఆర్కిటెక్టు అక్కడికక్కడే ల్యాప్‌టాప్‌లో పుస్తకాన్ని పట్టుకుని గిర్రున తిప్పేశారు. సమస్య తీరింది. అప్పటిదాకా ఉత్తరం వైపున్న గాజు గోడ ఇప్పుడు పడమరకు వచ్చింది, అంతే. ఉత్తరపు వెలుగు నిలకడగా, కళ్లకు చల్లగా ఉంటుంది, చదువుకోవడానికి అంతకంటే మంచిది లేదు. పడమటి ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక ఆ గాజుకి నల్ల ఫిల్మ్ అంటిస్తారు, దాని మీద కర్టెన్ వేస్తారు, పట్టపగలు ట్యూబులైట్లు వెలిగించి ఏసీలు తిప్పుతారు. చివర్లో "గ్రీన్ బిల్డింగ్" అని బోర్డు పెడతారు. ఆ బోర్డు కూడా వీడియోలో ఉంది.

ఇదంతా మనమే కనిపెట్టామని గర్వపడకండి. పారిస్‌లో జాతీయ గ్రంథాలయానికి డొమినిక్ పెరో అనే ఆర్కిటెక్టు ఇదే పని చేశాడు. తెరిచిన పుస్తకాల్లా నాలుగు గాజు టవర్లు నిలబెట్టి, పుస్తకాలను పైన ఎండలో, పాఠకులను కింద పెట్టాడు. జనం తిట్టారు. పుస్తకాలకు ఎండ తగలకుండా గాజు వెనక చెక్క పలకలు అమర్చుకోవాల్సి వచ్చింది. 1996లో పాఠకులకు తెరిచిన ఆ భవనం నుంచి మన వాళ్లు నేర్చుకున్నది బొమ్మ ఒక్కటే.

పారిస్ దాకా ఎందుకు? వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పెట్టారు. గాంధీగారు వచ్చి వెళ్లిన చోటు, ఆయన విరిగిన చేతికర్రను ఇప్పటికీ అక్కడ దాచారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వెళ్తారు. దాని ఆకారం ఏమిటో వాళ్లను అడగండి, ఒక్కడికీ గుర్తుండదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి కాలువ గట్ల వెంట ఊళ్లకు పంపారు. ఆ పడవ పడవ ఆకారంలోనే ఉంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ప్రజెంటేషన్ చివర గ్రూప్-2కి చదువుతున్న ఒకమ్మాయి లేచి అడిగింది. "సార్, లేడీస్ బాత్రూమ్ ఎక్కడొస్తుంది?"

"అది డీటెయిలింగ్ స్టేజ్‌లో చూస్తామమ్మా."

ఇక్కడ నాకు నవ్వు రావడం ఆగిపోయింది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి, మీ జిల్లా గ్రంథాలయానికి వెళ్లి చూడండి. ఈ రోజు మన లైబ్రరీలను బతికిస్తున్నది ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుని, కుర్చీ దొరక్కపోతే చెట్టు కింద కూర్చుని, టిఫిన్ బాక్సులో తెచ్చుకున్న పులిహోర తిని రాత్రి దాకా చదువుతారు. ఎన్ని చోట్ల ఆడపిల్లలు బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు తాగకుండా కూర్చుంటున్నారో ఒక్కసారి అడిగారా? ఫౌంటెన్‌కి పైపు గీసిన చెయ్యి, బాత్రూముకి గీయడానికి ఎందుకు రాలేదు? సెల్ఫీ పాయింట్ కాన్సెప్ట్ స్టేజ్‌లోనే వస్తుంది, ఆడపిల్ల ఆరోగ్యం డీటెయిలింగ్ స్టేజ్‌లో వస్తుందా? సిగ్గులేదా మీకు?

డిజైన్ గీసే ముందు ఆ పాత రీడింగ్ హాల్లో ఒక రోజు కూర్చుంటే చాలు, ఏం కావాలో తెలిసిపోతుంది. పేపర్ చదువుకోవడానికి వచ్చే పెద్దాయనకు మెట్లెక్కక్కర్లేకుండా గుమ్మం పక్కనే బల్ల. ఎండా వానా లోపలికి రాకుండా వెడల్పాటి వరండా. రాత్రి చదివే వాళ్లకు విడిగా గేటు, ప్రతి కుర్చీ దగ్గరా ప్లగ్గు. డ్రోన్‌కి ఇవేవీ కనబడవు, నిజమే.

డబ్బు లేదని మాత్రం అనకండి. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి చట్టం కింద మన దగ్గర వసూలు చేస్తున్న డబ్బది. స్థానిక సంస్థలు దాన్ని మన దగ్గర ఠంచనుగా తీసుకుంటాయి, గ్రంథాలయ సంస్థకు ఇవ్వాల్సి వచ్చేసరికి ఏళ్లకేళ్లు బకాయి పెడతాయి. లైబ్రరీ పేరు చెప్పి తీసుకున్న సొమ్ము లైబ్రరీకి ఇవ్వకపోవడాన్ని మామూలు మనిషి చేస్తే పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెడతారు. ముందు ఆ బకాయి కట్టండి. లైబ్రేరియన్ పోస్టులు నింపండి. కుళాయిల్లో నీళ్లు వచ్చేలా చూడండి. ఆ తర్వాత భవనం గుమ్మడికాయ ఆకారంలో కట్టుకున్నా మాకేం ఇబ్బంది లేదు, వచ్చి చదువుకుంటాం.