చివరి సంచికపైనే కత్తెర ఎందుకు?

గ్రాడ్యుయేషన్ దగ్గరపడే వేళ విద్యార్థుల పత్రిక గొంతు నొక్కడం అమెరికా హైస్కూళ్లకు కొత్త కాదు. కొత్త కాకపోవడమే మా ఆందోళన. 2022లో నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలాండ్‌లో నార్త్‌వెస్ట్ హైస్కూల్ పత్రిక ‘వైకింగ్ సాగా’ జూన్ సంచికలో పిల్లలు ఎల్జీబీటీ హక్కుల మీద రాశారు. సంచిక వెలువడిన కొద్ది రోజులకే, 54 ఏళ్లుగా వస్తున్న పత్రికను అధికారులు ఆపేశారు. సీనియర్లు బడి విడిచి వెళ్లే సమయమది.

ఈ దారి పాతదే. 1983 మేలో మిస్సోరిలోని హేజెల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ పత్రిక ‘స్పెక్ట్రమ్’ ప్రూఫులు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాయి. గర్భం దాల్చిన విద్యార్థినుల అనుభవాల మీద ఒక కథనం, తల్లిదండ్రుల విడాకుల మీద ఇంకొకటి ఆయనకు నచ్చలేదు. మార్చమని పిల్లలకు ఒక్క మాట చెప్పలేదు. మార్చడానికి వ్యవధి లేదు, ఆలస్యమైతే ఈ ఏడాదికి పత్రికే రాదని తనకు తానే తేల్చుకుని రెండు పేజీలూ ఎత్తేయించారు. ఆ పేజీల్లోనే ఉన్న, ఆయనకు ఏ అభ్యంతరమూ లేని వ్యాసాలు కూడా వాటితో పాటే పోయాయి. పత్రిక అచ్చయి చేతికొచ్చాక గానీ రాసినవాళ్లకు సంగతి తెలియలేదు.

విద్యార్థినులు కోర్టుకెక్కారు. 1988 జనవరి 13న సుప్రీంకోర్టు 5-3 తేడాతో బడి వైపే మొగ్గింది. అప్పటికి వాళ్లు బడి దాటి ఏళ్లు గడిచాయి. వ్యవధి లేదన్న ఆ సాకుకు దేశ అత్యున్నత న్యాయస్థానం ముద్ర పడింది.

బడి డబ్బుతో అచ్చయ్యే పత్రికకు బడి బాధ్యత ఉంటుందని, మైనర్ల వివరాలు బయటపడకుండా చూడాలని అధికారులు అంటారు. కాదనం. పేరు బయటపడుతుందన్న భయం ఉంటే పేరు తీయించాలి, పేజీ కాదు. హేజెల్‌వుడ్ కథనంలో ఆ అమ్మాయిల పేర్లు ముందే మార్చి రాశారు కూడా.

అసలు ప్రమాదం క్యాలెండర్‌లో ఉంది. నిషేధిస్తే జవాబు చెప్పుకోవాలి. ‘చూసి చెబుతా’నని నాలుగు వారాలు నాన్చితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. సీనియర్లు వెళ్లిపోతారు, ప్రిన్సిపాల్ ఉంటారు. వచ్చే ఏడాది ఎడిటర్ కాబోయే జూనియర్ మాత్రం ఇదంతా చూస్తుంటాడు. ఏ అంశం ముట్టుకుంటే చివరి సంచిక ఆగుతుందో నేర్చుకుంటాడు. సెలవులయ్యాక ఆ అంశాన్ని తనే పక్కన పెడతాడు. ఇక ఆ బడిలో కత్తెరతో పనే ఉండదు. ఒక కథనం పోయినందుకు కాదు, ఈ అలవాటు ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి అప్పగింతగా పోతున్నందుకే మా ఆగ్రహం.

కాలిఫోర్నియా 1977లోనే విద్యార్థి పత్రికలకు చట్టంతో అండగా నిలిచింది. న్యూజెర్సీ 2021 చివర్లో మేల్కొంది. టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చదివే మన అమ్మాయికి ఉన్న రక్షణ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో చదివే ఆమె పిన్ని కూతురికి లేదన్నమాట. చట్టం లేదు కాబట్టి మాకేం పట్టదని బడులు అనుకోవడానికి వీల్లేదు. అభ్యంతరం ఉంటే అచ్చు తేదీకి ముందే, కారణంతో సహా, కాగితం మీద పెట్టి ఎడిటర్‌కు ఇవ్వాలి. పిల్లలు సరిదిద్దుకోవడానికి గడువు మిగలాలి. అది చేయని ప్రిన్సిపాల్ పాఠాలు చెప్పించే సివిక్స్ పుస్తకంలో, భావప్రకటన స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగ మొదటి సవరణ అధ్యాయం ఎందుకు?

మన తల్లిదండ్రులకూ ఒక మాట. కాలేజీ దరఖాస్తులో ‘ఎడిటర్ ఇన్ చీఫ్’ అని రాయించడానికి అందరికన్నా ముందుంటారు. అదే బిడ్డ మేలో తన కథనం కోసం పట్టుబడితే ‘అడ్మిషన్ వచ్చేసిందిగా, ఇప్పుడీ గొడవెందుకు నాన్నా’ అంటూ నోరు మూయిస్తారు. హోదా కావాలి, ఆ హోదాతో వచ్చే పని మాత్రం వద్దా? కథనం ఆగిపోయి ఉంటే గ్రాడ్యుయేషన్ పార్టీకి హాలు బుక్ చేయడం తర్వాత చూసుకోవచ్చు. ముందు స్కూల్ బోర్డు సమావేశానికి వెళ్లి, ఎందుకు ఆపారో రాసిమ్మని అడగండి. పిల్లలు వెళ్లిపోయాక కాదు, ఈ నెలలోనే.