దొడ్డిదారి అప్పీళ్లు

సివిల్ దావాలో సాక్షుల విచారణ సగంలో ఉండగా ఒక పక్షం ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేస్తుంది. పత్రంలోని సంతకాన్ని నిపుణుడికి పంపాలనో, అడ్వకేట్ కమిషనర్‌తో హద్దులు కొలిపించాలనో, ముగిసిన సాక్ష్యాన్ని తిరిగి తెరవాలనో కోరుతుంది. కింది కోర్టు తోసిపుచ్చితే ఆ ఉత్తర్వును సరిదిద్దమంటూ వెంటనే హైకోర్టులో సీఆర్పీ (సివిల్ రివిజన్ పిటిషన్) దాఖలవుతుంది. స్టే వస్తే సరే, రాకపోయినా ‘హైకోర్టులో వేశాం’ అన్న ఒక్క మాటతో కింది కోర్టులో వాయిదాలు దొరుకుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కోర్టు మెట్లెక్కిన ప్రతి కక్షిదారుకూ ఇది తెలిసిన సంగతే.

చట్టం ఇలా జరగాలని చెప్పలేదు. దావా తేలకముందు ఇచ్చే మధ్యంతర ఉత్తర్వుల్లో వేటిపై అప్పీలు ఉంటుందో సివిల్ ప్రొసీజర్ కోడ్ 104వ సెక్షన్, 43వ ఆర్డర్ స్పష్టంగా పేర్కొన్నాయి. ఇంజంక్షన్, రిసీవర్ నియామకం వంటి ఉత్తర్వులపై ఎవరి అనుమతీ అక్కరలేకుండా సీఎంఏ (సివిల్ మిస్లేనియస్ అప్పీలు) వేసుకోవచ్చు. మిగిలిన ఉత్తర్వుల్లో తీర్పును ప్రభావితం చేసే తప్పుంటే తుది డిక్రీపై వేసే అప్పీలులో లేవనెత్తే వీలు 105వ సెక్షన్ కల్పించింది. దావాల జాప్యానికి రివిజన్లు ఒక కారణమని గుర్తించిన పార్లమెంటు, హైకోర్టుకు రివిజన్ అధికారమిచ్చే 115వ సెక్షన్‌ను 1999లో సవరించింది. రివిజన్ కోరిన పక్షానికి అనుకూలంగా ఉత్తర్వు వచ్చి ఉంటే దావాయే ముగిసిపోయేదన్న సందర్భంలో తప్ప రివిజన్ చెల్లదన్న ఆ నియమం 2002 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఏడాది దాటగానే, 2003లో సూర్యదేవ్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణ రాజ్యాంగంలోని 226 (రిట్లు), 227 (కింది కోర్టులపై పర్యవేక్షణ) అధికరణాల కింద హైకోర్టులకున్న అధికారాన్ని తాకదని చెప్పింది. 2015లో రాధేశ్యామ్ కేసులో అదే కోర్టు సివిల్ కోర్టుల ఉత్తర్వులపై 226వ అధికరణం దారిని మూసినా 227వ అధికరణం దారి అలాగే మిగిలింది. పార్లమెంటు ముందు గుమ్మం మూసింది, దొడ్డిగుమ్మం బార్లా తెరిచే ఉంది.

మధ్యంతర ఉత్తర్వు ఒక్కోసారి కోలుకోలేని నష్టం చేస్తుందనీ, తుది తీర్పు దాకా ఆగమనడం అన్యాయమనీ వాదించేవారున్నారు. అలాంటి అరుదైన సందర్భాల కోసమే 227వ అధికరణం ఉంది. మా అభ్యంతరం ఆ అధికారంపై కాదు, దాని వాడకానికి రాతపూర్వకమైన కొలమానం లేకపోవడంపై. సుప్రీంకోర్టు గడప తొక్కాలంటే సాధారణంగా 136వ అధికరణం కింద ప్రత్యేక అనుమతి పొందాలి. ఇంగ్లండులో మధ్యంతర ఉత్తర్వుపై అప్పీలుకు దాదాపు ప్రతి సందర్భంలోనూ అనుమతి తప్పనిసరి, గెలుపుకు వాస్తవమైన అవకాశం ఉందని చూపాలి లేదా మరో బలమైన కారణం చెప్పాలి. ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టులోనూ మధ్యంతర తీర్పులకు అనుమతి నియమం ఉంది. మన దగ్గర మాత్రం అప్పీలు లేదని చట్టంలో రాసుకుని, అదే అప్పీలును మరో పేరుతో, అనుమతి ప్రసక్తే లేకుండా రోజూ నడిపిస్తున్నాం.

స్టేల విషయంలో ఈ కపటం మరింత ప్రమాదకరం. ఆరు నెలలకు స్టే దానంతటదే రద్దవుతుందని 2018లో సుప్రీంకోర్టు పెట్టిన నిబంధనను 2024 ఫిబ్రవరి 29న అదే కోర్టులోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. న్యాయసూత్రం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు, కానీ దాని పర్యవసానంగా స్టే ఇచ్చిన న్యాయస్థానమే దాన్ని గుర్తుపెట్టుకుని తేల్చాల్సిన బాధ్యత పెరిగింది. స్టే ఇచ్చేటప్పుడే గడువు, కారణం రాయని చోట దావా ఎన్నేళ్లయినా అక్కడే నిలిచిపోతుంది.

227వ అధికరణం కింది అధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1997లో చంద్రకుమార్ కేసులో తేలింది కాబట్టి సాధారణ చట్టంతో పార్లమెంటు దాన్ని తీసేయలేదు. తమ పద్ధతిని దిద్దుకోవాల్సింది హైకోర్టులే. మధ్యంతర ఉత్తర్వుపై పిటిషన్‌ను విచారణకు స్వీకరించే ముందు, తుది అప్పీలులో సరిదిద్దలేని నష్టం ఏమిటో పిటిషనర్ చెప్పాలి, అది నమ్మదగినదని న్యాయమూర్తి రెండు వాక్యాల్లోనైనా రాయాలి. అది రాయలేని పిటిషన్‌ను ఆ రోజే కొట్టివేయాలి. ఇంత చిన్న నియమం పెట్టుకోవడానికి కొత్త చట్టం అక్కరలేదు, కమిటీ అక్కరలేదు. 227ను అరుదుగా వాడాలని తీర్పుల్లో పదేపదే రాసే న్యాయమూర్తులు ఆ మాటను తమ కోర్టు హాలులో పాటించి చూపాలి. విచారణను ఏళ్ల తరబడి ఆపించడాన్ని తమ నైపుణ్యంగా కక్షిదారులకు అమ్ముకుంటున్న న్యాయవాదులు సిగ్గుపడాలి.