ఎర్ర రంగు వేయాల్సింది సైకిల్ లెగ్‌కి కాదు

వారం నుంచి రాయాలా వద్దా అని ఆగుతూ వచ్చాను. ఇక ఆగలేను.

మా క్లబ్ రిలే జట్టు ఈసారి అనుకున్నదానికంటే చాలా వెనకబడింది. నిజమే, ఒప్పుకుంటాను. మేం నలుగురం. మొదట చెరువులో ఈత నేను, తర్వాత రోడ్డు సైకిల్, ఆ తర్వాత కొండదారి పరుగు, చివర కయాక్ అనే చిన్న తెడ్డు పడవ. ఫలితాలు వచ్చిన గంటలోపే ఎవరో లెగ్ టైములన్నీ, అంటే ఒక్కొక్కరి వంతుకి పట్టిన టైములన్నీ, ఒక షీట్‌లో వేసి గ్రూప్‌లో పెట్టారు, సైకిల్ లెగ్ ఎదురుగా ఎర్ర రంగు పూసి మరీ. అంతే, మొదలైంది. "సైకిల్ దగ్గరే పోయింది", "ప్రాక్టీస్ చాల్లేదు", "వచ్చే ఏడాది ఇంకొకర్ని చూద్దాం". సైకిల్ తొక్కిన ఆ తమ్ముడు ఒక్క మాట తిరిగి అనలేదు. రెండు రోజులకి గ్రూప్‌లోంచి వెళ్లిపోయాడు. అదే షీట్ చూసి నాకేమో "అక్క బాగా ఈదింది" అని మెసేజ్‌లు.

పోయింది సైకిల్ దగ్గర కాదు, నా దగ్గర.

మలుపు గుర్తుగా నీళ్లలో తేలే చివరి బోయా దగ్గర నేను మలుపు మరీ వెడల్పుగా తిరిగాను. అప్పటిదాకా ముందువాళ్ల కాళ్ల వెనకే ఈదుతున్నాను, ఆ మలుపులో వాళ్లు జారిపోయారు, మళ్లీ అందలేదు. ఒడ్డుకి వచ్చేసరికి ముందు గుంపుకీ నాకూ 40 సెకన్ల తేడా. ఈతలో 40 సెకన్లంటే షీట్‌లో పెద్దగా కనపడదు, నా టైమ్ పక్కన నంబరు మర్యాదగానే ఉంటుంది. కానీ ఆ 40 సెకన్లలో ముందు గుంపు వాళ్ల సైక్లిస్టులంతా ఒక ప్యాక్‌గా కలిసి రోడ్డెక్కేశారు. నేను టైమ్ నమోదు చేసే చిప్ అందించేటప్పటికి మావాడి ముందు ఖాళీ రోడ్డు, వెనకా ఎవరూ లేరు.

సైకిల్ తొక్కేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, తొక్కనివాళ్ల కోసం రాస్తున్నాను. చదును రోడ్డు మీద గంటకి 35, 40 కిలోమీటర్ల వేగం వచ్చాక మనం పెట్టే బలంలో చాలా భాగం గాలిని తోయడానికే పోతుంది. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి మనం ప్రతి సెకనుకీ పెట్టాల్సిన శక్తి ఘనంగా పెరుగుతుంది. అంటే వేగం ఒక్క 10 శాతం పెంచాలన్నా గాలి కోసం పెట్టే శక్తి దాదాపు 33 శాతం పెరగాలి. ప్యాక్‌లో ఉన్నవాళ్లు వంతులవారీగా ముందుకొచ్చి గాలిని కోస్తారు, మిగతావాళ్లు వెనక ఊపిరి తీసుకుంటారు. మావాడు దారంతా తన వంతూ తనే, అందరి వంతూ తనే. డ్రాఫ్టింగ్, అంటే ఇలా ఇంకొకరి వెనక గాలి చాటున తొక్కడం, నిషేధించిన పోటీల్లో ఈ లెక్క వేరు, కానీ మేం దిగిన పోటీలో దానికి అనుమతి ఉంది, అది షీట్ వేసినవాళ్లకీ తెలుసు. 40 సెకన్లు అతని చేతికొచ్చి నిమిషాలయ్యాయి. అందులో అతని బద్ధకం ఎక్కడుందో నాకు చూపించండి.

"గట్టివాడైతే ఒంటరిగానైనా పట్టుకోవాలి కదా" అని ఒక పెద్దమనిషి రాశారు. అన్నా, 2024 పారిస్ ఒలింపిక్స్ ట్రయాథ్లాన్ మిక్స్‌డ్ రిలే గుర్తు చేసుకోండి. అక్కడ నలుగురూ తలా ఒక చిన్న ట్రయాథ్లాన్, అంటే ఈత, సైకిల్, పరుగు మూడూ, చేస్తారు, మన పద్ధతి కాదు, కానీ గుంపు సూత్రం అదే. ఫ్రాన్స్ తరఫున మొదట దిగిన పియెర్ లె కోర్ సైకిల్ మీద పడిపోయాడు. ఆ జట్టులోనే అంతకు కొద్ది రోజుల ముందు మహిళల వ్యక్తిగత స్వర్ణం గెలిచిన కసాండ్ర బోగ్రాండ్ ఉంది, పురుషుల్లో కాంస్యం గెలిచిన లియో బెర్జేర్ ఉన్నాడు. సొంత గడ్డ, సొంత జనం. అయినా పతకం రాలేదు. జర్మనీ, అమెరికా, బ్రిటన్ తీసుకెళ్లాయి. ఒలింపిక్ చాంపియన్ ఉన్న జట్టుకే గుంపు తప్పిపోతే ఆ గతి పట్టింది, ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున లేచి ప్రాక్టీస్ చేసే మా తమ్ముణ్ణి మీరు నిలదీస్తారా?

ఇంకోటి, ఇది నాకు ఇంకా కోపం తెప్పించింది. మా పోటీలో ఈత టైమ్ నీళ్లు దాటి మార్పిడి చోటులోకి అడుగుపెట్టేటప్పుడు చిప్‌ని గుర్తించే మ్యాట్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి లోపల జరిగేదంతా సైకిల్ లెగ్ ఖాతాలోకి వెళ్తుంది. నేను తడి కాళ్లతో పరిగెత్తి, వణికే వేళ్లతో చిప్ ఉన్న చీలమండ పట్టీ విప్పలేక తంటాలు పడి, అతను వంగి నా కాలికి ఉన్న పట్టీ తీసి తన కాలికి పెట్టుకుని వెళ్లాడు. ఆ సమయమంతా అతని పేరు మీదే పడింది. మేం ఆ మార్పిడిని సీజన్ మొత్తంలో ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేశామో చెప్పనా? ఒక్కసారి. అది కూడా పొడి బట్టలతో, పొడి చేతులతో. ఆ తప్పు క్లబ్‌ది, అందులో నేనూ ఉన్నాను.

పరుగు తీసినవాడి సంగతీ అంతే. కొండదారి ఇరుకైన చోటికి వెనకబడి చేరితే నెమ్మదిగా వెళ్లేవాళ్ల వెనక ఇరుక్కుపోవాలి, దారిస్తేనే ముందుకి. కయాక్ అమ్మాయి నీళ్లలోకి దిగేసరికి గాలి లేచింది. గంట ముందు దిగినవాళ్లు చూసిన నీళ్లు అవి కావు. ముందు లెగ్‌లో పోయింది అక్కడితో ఆగదు, వెనకాల వచ్చే ప్రతివాళ్ల పరిస్థితినీ మార్చుకుంటూ పోతుంది. అమెరికాలో స్కీ టు సీ అని ఒక పోటీ 1973 నుంచి ఉంది, మౌంట్ బేకర్ మంచు మీద మొదలై బెల్లింగ్‌హామ్ దగ్గర సముద్రంలో ముగుస్తుంది. 7 లెగ్‌లు, 8 మంది. అక్కడ ఆఖరున సముద్రంలో కయాక్ నడిపే మనిషి టైమ్ ఒక్కటే చూసి ఆ మనిషి ఎంతటివాడో చెప్పగలమా? ముందు ఏడుగురు ఏ వేళకి, ఎలాంటి నీళ్ల దగ్గర వదిలారో తెలియకుండా?

టైములు చూడొద్దని నేను అనడం లేదు. చూడండి, తప్పకుండా చూడండి. అయితే సైక్లిస్టు రోడ్డెక్కినప్పుడు ముందు గుంపు ఎంత దూరంలో ఉందో, పక్కన ఎంతమంది ఉన్నారో, మార్పిడికి ఎంత పట్టిందో కూడా రాసుకోండి. గాలి ఎటు వీస్తోందో రాసుకోండి. తొక్కేటప్పుడు పెట్టే శక్తిని కొలిచే అతని పవర్ మీటర్ ఫైల్ నేను అడిగి తెప్పించుకుని చూశాను. రోజూ ప్రాక్టీస్‌లో పెట్టే దానికంటే ఆ రోజు ఎక్కువే పెట్టాడు, చివరి కిలోమీటరు దాకా ఎక్కడా తగ్గలేదు. ఎవరూ తోడు లేని రోడ్డు మీద అలా తొక్కడం ఎంత కష్టమో మీలో సైకిల్ తొక్కేవాళ్లకి తెలుసు, మరి మీరైనా ఎందుకు నోరు విప్పలేదు?

నిన్న అతనికి ఫోన్ చేశాను. "పర్లేదక్కా, వదిలెయ్" అన్నాడు. నేను వదలను. ఆ షీట్ పెట్టినవాళ్లు ముందు ఎర్ర రంగు తీసెయ్యండి. అతన్ని మీరే పిలిచి మళ్లీ గ్రూప్‌లోకి తీసుకురండి. నా టైమ్ పక్కన ఒక గడి పెట్టి, ముందు గుంపుకి 40 సెకన్లు వెనక అని రాయండి, కింద నా పేరు ఉండనివ్వండి.